రేవు గాలిని లెక్కగట్టడం ఎలా: సాగర్, సోమశిల పడవలవాళ్ల కోసం

ఫోన్‌లో వాతావరణం తెరిస్తే "నల్గొండ, గాలి గంటకు 12 కిలోమీటర్లు" అని చూపిస్తుంది. ఆ అంకె నల్గొండ పట్టణానిది. నాగార్జునసాగర్ లాంచీల రేవు అక్కడికి అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, కొండల నడుమ, నీళ్ల ఒడ్డున ఉంది. అదే గంటలో రేవు దగ్గర గాలి 25 దాటి వీయొచ్చు. పక్కనే కొండ చాటున ఆకు కూడా కదలకపోవచ్చు. పడవ నడిపేవాడికి కావలసింది రేవు దగ్గరి గాలి, దాన్ని ఎవరూ కొలిచి చెప్పరు.

విశాఖ, కృష్ణపట్నం లాంటి ఓడరేవుల్లో దీనికి ఏర్పాట్లు ఉంటాయి. గాలి కొలిచే యంత్రం స్తంభం మీద తిరుగుతూ ఉంటుంది. ఓడను లోపలికి తెచ్చే పైలట్ ముందు ఆ వేగం, దిక్కు చూసుకుంటాడు. తుపాను వస్తుంటే వాతావరణ శాఖ చెప్పిన ప్రకారం ఒకటి నుంచి పదకొండు దాకా ఉండే ప్రమాద సూచికల్లో ఒకటి ఎగరేస్తారు. కృష్ణా మీద మన రేవుల్లో అలాంటి సూచిక ఏదీ ఎగరదు. నందికొండ లాంచీలకైనా, నేరేడుగొమ్ము మండలం వైజాగ్ కాలనీలో చేపల పడవలకైనా, కొల్లాపూర్ దగ్గర సోమశిలలో ఏరు దాటించే మర పడవలకైనా ఆధారం అనుభవమే. అనుభవం గొప్పదే గానీ, అది ఒక మనిషి తలలో ఉంటుంది. ఆ మనిషి సెలవు పెట్టిన రోజు రేవులో లేనట్టే. దాన్ని కాగితం మీదికి తెచ్చే పద్ధతి ఇక్కడ చెబుతున్నాను. ఖర్చు తక్కువ. కావలసింది ఏడాది ఓపిక, ఒక లాంగ్ నోట్‌బుక్.

ముందు, ఎవరి కోసం కొలుస్తున్నారో తేల్చుకోండి

"ఇక్కడ గాలి ఎలా ఉంటుంది" అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఏడాది తర్వాత కూడా జవాబు రాదు. ప్రశ్న చిన్నది చేయండి. జనాన్ని ఎక్కించేటప్పుడు లాంచీ జెట్టీకి కొట్టుకుంటోందా? పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) మీద వల వేసేవాళ్లు సాయంత్రం తిరిగి రాలేకపోతున్నారా? సోమశిల నుంచి అవతలి ఒడ్డుకు వెళ్లే పడవ నడిమధ్యలో పక్కకు కొట్టుకుపోతోందా? ఒక్కోదానికి చూడాల్సిన గాలి వేరు. జెట్టీ దగ్గర ముఖ్యమైంది దిక్కు: గాలి పడవను జెట్టీ మీదికి నెడుతుందా, జెట్టీ నుంచి అవతలికి నెడుతుందా అన్నది. పుట్టికి ముఖ్యమైంది అల ఎత్తు. ఏరు దాటేవాళ్లకు ఉన్నట్టుండి వచ్చే విసురు. నోట్‌బుక్ మొదటి పేజీలో ఈ ప్రశ్న రాసి పెట్టుకోండి. గడులు దాన్ని బట్టే గీయాలి.

మ్యాపు మీద ఒక గంట కూర్చోండి

ఫోన్‌లో ఉపగ్రహ మ్యాపు తెరిచి మీ రేవును మధ్యలో పెట్టండి. ఎనిమిది దిక్కులకూ, అంటే తూర్పు, ఆగ్నేయం, దక్షిణం, నైరుతి, పడమర, వాయవ్యం, ఉత్తరం, ఈశాన్యం వైపు, గాలికి అడ్డులేని నీళ్లు ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయో కొలవండి. మ్యాపులోనే దూరం కొలిచే సౌకర్యం ఉంటుంది. ఈ నిడివి ఎందుకంటే, అల పెరగడానికి గాలికి వేగం ఒక్కటే చాలదు, పరిగెత్తడానికి జాగా కూడా కావాలి. గంటకు 40 కిలోమీటర్ల గాలి ఒక కిలోమీటరు నీటి మీద వీస్తే అలలు అడుగు లోపే ఉంటాయి. అదే గాలి పది కిలోమీటర్ల నీటిని ఊడ్చుకుంటూ వస్తే రెండడుగులు దాటుతాయి. రెండడుగుల అల లాంచీకి కుదుపు మాత్రమే. పుట్టికి ప్రాణం మీదికొచ్చే సంగతి.

సాగర్ సంగతి చూడండి. నాగార్జునకొండ డ్యామ్‌కు నైరుతి వైపున ఉంది. వానాకాలంలో మన దగ్గర వీచేది పడమర, నైరుతి గాలే. అంటే ఏటా గట్టిగా వీచే గాలి సరిగ్గా పొడవైన నీటి దారి వెంబడే రేవు వైపు వస్తుంది. కొండకు పోయేటప్పుడు లాంచీకి ఎదురుగాలి, తిరిగి వచ్చేటప్పుడు వెనక నుంచి అల. ఇది మ్యాపు చూస్తేనే అర్థమైపోతుంది, ఒక్క రోజు కూడా కొలవనక్కరలేదు. సోమశిల దగ్గర కథ వేరు. ఒకవైపు నీళ్లు విశాలంగా పరుచుకుని, శ్రీశైలం వైపు పోయేకొద్దీ నల్లమల కొండల మధ్య దారి ఇరుకవుతుంది. ఇరుకు దారిలో దూరే గాలి వేగం పెంచుకుంటుంది, దిక్కు కూడా లోయ వెంబడి తిప్పుకుంటుంది. ఆకాశంలో మబ్బు పడమర నుంచి పోతుంటే నీళ్ల మీద గాలి నైరుతి నుంచో వాయవ్యం నుంచో వస్తుందంటే కారణం ఇదే.

ఇదే పని రెండోసారి చేయాలి, ఈసారి నీళ్లు తగ్గినప్పటి మ్యాపు ఊహించుకుని. చాలామంది ఇది వదిలేస్తారు. నా దృష్టిలో సముద్రపు రేవుకూ జలాశయం రేవుకూ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది. సముద్రంలో పోటు పాటు వస్తే నీరు కొన్ని అడుగులు లేస్తుంది, దిగుతుంది. సాగర్‌లో పూర్తి నీటిమట్టం 590 అడుగులు, కనీస వినియోగ మట్టం 510. మధ్యలో 80 అడుగుల తేడా. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. అది తగ్గినప్పుడు సోమశిలకు ఎదురు ఒడ్డున మునిగిపోయిన సంగమేశ్వరం గుడే బయటపడుతుంది. ఎండాకాలంలో రేవు లోతుకు దిగిపోతుంది, చుట్టూ ఒడ్లు గోడల్లా లేస్తాయి, నీటి మధ్యలో మట్టి దిబ్బలు తేలతాయి. అదే గాలి, అదే దిక్కు, కానీ జెట్టీ దగ్గర తగిలే దెబ్బ వేరు. కాబట్టి మీ నోట్‌బుక్‌లో ప్రతి రోజూ తేదీ పక్కన మొదటి గడి నీటిమట్టానిదే కావాలి. ఆ అంకె రోజూ ప్రాజెక్టు అధికారులు ప్రకటిస్తారు, పేపర్లో కూడా వస్తుంది.

ఎక్కడ నిలబడి చూడాలి

రెండు చోట్లు ఎంచుకోండి. ఒకటి పడవలు నిజంగా కట్టే చోటు. రెండోది గాలికి ఏ అడ్డూ లేని ఒక బోడి గుట్ట, లేదా నీళ్లలోకి పొడుచుకొచ్చిన ఒడ్డు. మొదటిది మీకు కావలసిన జవాబు ఇస్తుంది. రెండోది ఆ జవాబు ఎందుకలా వచ్చిందో చెబుతుంది. రెండూ ఒకేసారి చూడటానికి ఇద్దరు కావాలి, లేదా పది నిమిషాల తేడాలో ఒక్కరే నడవాలి.

తెరిపి చోటు ఎంచేటప్పుడు పాటించాల్సిన కొలత ఒకటుంది: పక్కనున్న అడ్డు ఎత్తుకు కనీసం పది రెట్ల దూరంలో ఉండాలి. ఇరవై అడుగుల టికెట్ షెడ్డు ఉంటే రెండు వందల అడుగులు అవతలికి జరగాలి. అంతకన్నా దగ్గరైతే మీరు కొలిచేది షెడ్డు వెనక సుళ్లు తిరిగే గాలిని. వాతావరణ శాఖవాళ్లు గాలిని పది మీటర్ల ఎత్తున కొలుస్తారు. మీరు చేయి చాచి పట్టుకుంటే అది రెండు మీటర్లే. నేలకు దగ్గరైనకొద్దీ రాపిడి వల్ల గాలి నెమ్మదిస్తుంది. అందుకని మీ అంకెను వాళ్ల అంకెతో పోల్చాలంటే మీదానికి సుమారు నాలుగో వంతు కలపండి. 20 వస్తే 25 అనుకోండి. ఇది ఉజ్జాయింపే, కొండ చాటున పనిచేయదు, తెరిపి చోట పనికొస్తుంది.

డ్యామ్ గోడ దగ్గర, గేట్ల దగ్గర పరికరాలు పట్టుకుని తిరగకండి. అక్కడ భద్రత కట్టుదిట్టం. రేవులో అయినా ఇన్‌చార్జికి ముందే చెప్పి, వీలైతే ఒక కాగితం రాయించుకోండి. మంచి పని చేస్తూ సంజాయిషీ ఇచ్చుకోవడం చికాకు.

సామాను

దిక్కు కోసం వెదురు బొంగు, దాని కొసన రెండు మూడడుగుల పల్చటి రిబ్బన్. పాత సింథటిక్ చీర అంచు ఇంకా బాగుంటుంది, తడిసినా తొందరగా ఆరుతుంది. విమానాశ్రయాల్లో కనిపించే గుడ్డ గొట్టం లాంటిది దర్జీతో కుట్టించుకోవచ్చు: నోరు ఒక అడుగు వెడల్పు, పొడవు మూడు నాలుగు అడుగులు, చివరికి సన్నబడాలి, నోటికి ఇనుప తీగ చుట్టాలి. అది వేలాడుతోందా, సగం లేచిందా, అడ్డంగా పూర్తిగా చాచుకుందా అన్నది లాంచీ మీద నుంచి కూడా దాన్ని నడిపే సరంగుకు కనిపిస్తుంది. నిజానికి ఈ మొత్తం పనిలో రేవుకు వెంటనే ఉపయోగపడేది ఇదొక్కటే. మిగతాది ఏదీ చేయలేకపోయినా ఇది కట్టండి.

దిక్సూచి ఫోన్‌లోదే చాలు. ఇనుప లాంచీ మీద, జెట్టీ ఇనుప కమ్మీల పక్కన అది తప్పు చూపిస్తుంది, పది అడుగులు దూరం జరిగి చూడండి. ఇంకా మంచిది, ఒకసారి జాగ్రత్తగా ఉత్తరం తేల్చుకుని ఒడ్డున రాయి మీద సున్నంతో ఎనిమిది దిక్కుల గీతలు గీసేయడం.

వేగం కోసం చేతిలో పట్టుకునే డిజిటల్ అనిమోమీటర్. చిన్న ఫ్యాన్ తిరిగే రకం ఆన్‌లైన్‌లో కొన్ని వేలకే దొరుకుతుంది. సగటు, గరిష్ఠం రెండూ చూపించేది తీసుకోండి. సెకనుకు మీటర్లలో చూపిస్తే 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు. ఓడలవాళ్లు వాడే నాట్లలో చూపిస్తే 1.85తో. ఏదో ఒక కొలమానంలోనే ఏడాదంతా రాయండి. ఒక పేజీ మీటర్లలో, ఒక పేజీ కిలోమీటర్లలో ఉంటే చివర్లో టెన్షన్ తప్పదు.

చూడటం, రాయడం

గాలి ఎటు నుంచి వస్తుందో ఆ దిక్కు పేరే రాయాలి, ఎటు పోతుందో కాదు. పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చేది. ఊళ్లో మాటలో ఇది ఎవరూ తప్పు చెప్పరు, కానీ రిబ్బన్ తోక చూసి రాసేటప్పుడు మాత్రం కొత్తవాళ్లు తోక చూపించే దిక్కు రాసేస్తారు.

గాలి వైపు ముఖం పెట్టి నిలబడి, చేయి పక్కకు చాచి, మీటరు తల కన్నా పైన ఉండేలా పట్టుకోండి. పది నిమిషాలు. అంతసేపు చేయి నొప్పి పుడుతుంది, కర్రకు కట్టుకోండి. ఆ పది నిమిషాల సగటు ఒక గడిలో, అందులో వచ్చిన గట్టి విసురు ఇంకో గడిలో రాయండి. సగటు 18 ఉండి విసురు 31 ఉంటే, రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 1.7. ఈ భాగహారం విలువైనది. తెరిపి నీటి మీద ఇది తక్కువగా ఉంటుంది, కొండల మీదుగా దిగి వచ్చే గాలికి ఎక్కువ. ఒకే సగటు ఉన్న రెండు రోజుల్లో ఏ రోజు పడవ ఎక్కువ తూలిందో ఇది చెబుతుంది. గాలి పెట్టే ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి: 20 నుంచి 40కి పోతే దెబ్బ రెట్టింపు కాదు, నాలుగింతలు. పైకప్పు, చుట్టూ రేకులు ఉన్న లాంచీకి ఇది మరీ వర్తిస్తుంది, ఆ రేకులన్నీ గాలికి తెరచాపలే.

రోజుకు ఎన్నిసార్లు? ఉదయం 6, 9, మధ్యాహ్నం 12, 3, సాయంత్రం 6. అన్నీ కుదరకపోతే 6, 3 మాత్రం వదలకండి. తెల్లవారుజామున నేల చల్లబడి ఉంటుంది, పైన పరిగెత్తే గాలి కిందికి దిగదు, నీళ్లు అద్దంలా ఉంటాయి. ఎండ ఎక్కి నేల వేడెక్కాక పై గాలి, కింది గాలి కలగలిసిపోతాయి, అప్పుడు రేవులో గాలి లేస్తుంది. గాలి లేని స్తబ్దమైన రోజుల్లో పగలు నీటి మీది నుంచి ఒడ్డుకు, రాత్రి కొండల నుంచి నీటి మీదికి మెల్లగా గాలి ఆడుతుంది. చిన్న గాలే, కానీ రాత్రి వల వేసేవాళ్లకు పుట్టి ఎటు జరుగుతుందో నిర్ణయించేది అదే. వాళ్లతో మాట్లాడి రాత్రి గడి కూడా ఒకటి పెట్టండి.

గాలి లేకపోతే "లేదు" అని రాయండి, గడి ఖాళీ వదలకండి. ఖాళీ గడి అంటే మీరు రాలేదని అర్థం. నెలాఖరుకు రెండూ ఒకేలా కనిపిస్తే లెక్క పాడవుతుంది.

మీటరు లేకపోతే

1805లో ఇంగ్లండ్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ కంటితో గాలిని అంచనా వేసే పద్ధతి తయారుచేశాడు. సున్నా నుంచి 12 దాకా మెట్లు. తర్వాత దాన్ని నేల మీది గుర్తులకూ మార్చుకున్నారు. మన రేవుకు ఆరో మెట్టు దాకా చాలు.

పొగ నిటారుగా లేస్తే సున్నా. బీడీ పొగ పక్కకు వంగుతుంది గానీ రిబ్బన్ కదలదు, ఒకటి, అంటే 5 కిలోమీటర్ల లోపు. ముఖానికి గాలి తెలుస్తుంది, వేపాకు గలగలలాడుతుంది, రెండు, 6 నుంచి 11. చిన్న రెమ్మలు ఆగకుండా కదులుతాయి, రిబ్బన్ చాచుకుంటుంది, నీళ్ల మీద అక్కడక్కడ తెల్ల నురుగు మొదలవుతుంది, మూడు, 12 నుంచి 19. ఒడ్డున దుమ్ము, విస్తరాకులు లేచి ఎగురుతాయి, నాలుగు, 20 నుంచి 28. చిన్న చెట్లు ఊగుతాయి, నీళ్ల మీద నురుగు తలల అలలు నిండిపోతాయి, ఐదు, 29 నుంచి 38. పెద్ద కొమ్మలు ఊగుతూ, కరెంటు తీగలు ఈల వేస్తూ, గొడుగు పట్టుకోవడం కష్టమైతే ఆరు, 39 నుంచి 49. ఆరు వచ్చిందంటే కొలత ఆపి పడవలు లెక్కపెట్టుకోండి.

మీటరు ఉన్నా సరే, మొదటి నెల ముందు కంటితో అంచనా రాసి, తర్వాతే మీటరు చూడండి. నెల తిరిగేసరికి మీ కన్ను సరిగ్గా పడుతుంది. బ్యాటరీ అయిపోయిన రోజు ఆ కన్నే పనిచేస్తుంది.

కార్తెలు చూసి నడుచుకోండి

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి. నెమ్మదైన కాలం, ఉదయం పొగమంచు ఉంటే గాలి దాదాపు ఉండదు. మార్చి వచ్చాక దిక్కు నిలకడ తప్పుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా ఉక్కపోత, సాయంత్రం ఉరుము, ఈదురుగాలి. నల్గొండ బత్తాయి రైతులకు ఇది బాగా తెలుసు, కాయ రాలేది ఆ గంటలోనే. రోహిణి ముగిసి మృగశిర వచ్చేసరికి, అంటే జూన్ రెండో వారం నాటికి, పడమటి గాలి కుదురుకుంటుంది. జూన్, జులైలలో అది రోజుల తరబడి ఆగకుండా కొడుతుంది. ఆగస్టు దాటాక తగ్గుముఖం.

ఇప్పుడు దీని పక్కన నీటిమట్టం పెట్టి చూడండి. ఆగని పడమటి గాలి జూన్‌లో మొదలయ్యే నాటికి జలాశయం సాధారణంగా అట్టడుగున ఉంటుంది. ఎగువ నుంచి వరద వచ్చి నిండేది ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరులో, గాలి తగ్గే వేళకు. అంటే మామూలు ఏడాదుల్లో గట్టి గాలి, నిండు నీరు ఒకేసారి రావు. వరద ముందే వచ్చి జులైలోనే నిండిన ఏడాది మాత్రం రెండూ కలుస్తాయి. అప్పుడు "ఈ గాలికి ఏం కాదు, ఎన్నోసార్లు పోయినం" అన్న మాట పనికిరాదు, ఎందుకంటే ఆ పోయినప్పుడల్లా నీళ్లు తక్కువ. మీ నోట్‌బుక్‌లో నీటిమట్టం గడి లేకపోతే ఈ సంగతి బయటపడదు.

ఈదురుగాలి: దీనికి వేరే పేజీలు

రోజువారీ గాలి మీకు అలవాటు నేర్పుతుంది. ప్రమాదం ఈదురుగాలితో వస్తుంది. వాతావరణ శాస్త్రంలో దీనికి లెక్క ఉంది: గాలి వేగం ఉన్నట్టుండి కనీసం 29 కిలోమీటర్లు పెరిగి, 40 దాటి, ఒక నిమిషమైనా నిలవాలి. అంతకన్నా చిన్నది మామూలు విసురు.

ఇది ఎలా పుడుతుందంటే, ఉరుము మబ్బులో వాన పడేటప్పుడు దానితోపాటు చల్లటి బరువైన గాలి ధబ్బున కిందికి దిగి, నేలను తాకి, నలువైపులా పరుచుకుంటుంది. ఆ అంచు వానకన్నా ముందు వస్తుంది. వాన పది కిలోమీటర్ల దూరంలో ఉండగానే గాలి మీ రేవు చేరొచ్చు. "చినుకు పడ్డాక తిప్పుదాం" అనుకుంటే ఆలస్యమైనట్టే. ఇంకో చిక్కు, అది వచ్చే దిక్కు. పొద్దంతా పడమటి గాలి ఉన్నా ఈదురుగాలి మబ్బు ఎటు ఉంటే అటు నుంచి వస్తుంది. పొద్దంతా కొండ చాటు అనుకుని కట్టిన పడవ ఒక్క నిమిషంలో ఎదురుదెబ్బ తింటుంది.

ప్రతి ఈదురుగాలికీ ఈ వివరాలు రాయండి: మబ్బు ఏ దిక్కున ఎన్ని గంటలకు నల్లబడింది, అప్పటిదాకా ఉన్న గాలి ఎప్పుడు పడిపోయింది, చాలాసార్లు ముందు ఒక స్తబ్దత వస్తుంది, అవతలి ఒడ్డున దుమ్ము ఎప్పుడు లేచింది, లేదా నీటి మీద నల్లటి చార ఎప్పుడు కనిపించింది, మీ ముఖానికి చల్లగాలి ఎప్పుడు తగిలింది, గరిష్ఠ విసురు ఎంత, ఎన్ని నిమిషాలు నిలిచింది, దిక్కు ఎటు నుంచి ఎటు మారింది. వీటన్నిటిలో నాకు ముఖ్యమనిపించేది ఒకటే, మొదటి గుర్తుకూ మొదటి దెబ్బకూ మధ్య నిమిషాలు. కొన్ని ఈదురుగాలులు రాసేసరికి మీ రేవులో ఆ సమయం ఎంతో తేలుతుంది. లాంచీ ఒడ్డు నుంచి అంతకన్నా ఎక్కువ దూరంలో ఉండగా ఆ గుర్తు కనిపిస్తే, వెనక్కి రాకుండా దగ్గరలో ఉన్న ఏ కొండ చాటుకు పోవాలో కూడా ముందే మ్యాపులో గుర్తు పెట్టుకోవాలి.

మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే మబ్బు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. ముప్పై సెకన్ల లోపు ఉరుము వినిపిస్తే పిడుగు అందే దూరమే, నీళ్ల మీద ఎవరూ ఉండకూడదు. ఎత్తైన వెదురు బొంగు పట్టుకుని ఒడ్డున నిలబడ్డ మీరు కూడా. వాతావరణ శాఖ హైదరాబాద్ కేంద్రం రాడార్ చూసి రానున్న మూడు గంటలకు జిల్లాలవారీగా హెచ్చరికలు ఇస్తుంది. ఎండాకాలం సాయంత్రాల్లో లాంచీ తీసే ముందు అది చూడటం అలవాటు చేసుకోండి. పిడుగులకు దామిని యాప్ ఉంది.

ప్రవాహాన్ని గాలి ఖాతాలో వేయకండి

పడవ పక్కకు జరిగిందంటే అదంతా గాలి వల్లే కాకపోవచ్చు. గేట్లు ఎత్తినప్పుడు, వరద వచ్చినప్పుడు నీరే లాగుతుంది. తేల్చడానికి చౌకైన పరీక్ష: ఒక ప్లాస్టిక్ సీసా మెడ దాకా నీళ్లు నింపి, ఇంకోటి ఖాళీగా మూత బిగించి, రెండూ ఒకేసారి వదలండి. నిండు సీసా నీటితో పోతుంది, ఖాళీది గాలితో. పది నిమిషాలకు రెండూ ఎటు, ఎంత దూరం పోయాయో చూస్తే దేని వాటా ఎంతో కనిపిస్తుంది. సన్నటి దారం కట్టి వదిలితే మళ్లీ లాక్కోవచ్చు. సీసాలు నీళ్లలో వదిలేసి రాకండి.

పాతవాళ్లను అడగడం

వైజాగ్ కాలనీకి ఆ పేరు విశాఖ వైపు నుంచి డ్యామ్ పనులకు వచ్చి, ఇక్కడే చేపల వేటలో స్థిరపడ్డ కుటుంబాల వల్ల వచ్చింది. ఇలాంటి చోట్ల మీ ఏడాది లెక్కకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు ఉంటారు. అయితే అడిగే పద్ధతి ఉంది. "ఇక్కడ గాలి ఎట్లుంటది" అంటే "మంచిగనే ఉంటది" అంటారు, అంతే. "పెద్దాయనా, ఏ దిక్కు గాలొస్తే పుట్టి ఇడువరు?" అని అడగండి. "వల తీస్తున్నప్పుడు ఏం చూస్తే వదిలేసి ఒడ్డుకొస్తరు?" "పుట్టి దాపెట్టేది ఏ బండ చాటున?" ఇలాంటివాటికి వేలు చూపించి మరీ చెబుతారు. ఆ వేలు చూపించిన చోటు మ్యాపులో గుర్తు పెట్టుకుని, తర్వాత నోట్‌బుక్ లెక్కతో సరిచూడండి. రెండూ కలవకపోతే వాళ్లు చెప్పింది తప్పని తొందరపడకండి. వాళ్లు ఏ నీటిమట్టం నాటి మాట చెప్పారో మళ్లీ అడగండి.

లెక్క తీయడం

నెలాఖరున దిక్కులవారీగా గడులు లెక్కపెట్టండి. ఉదాహరణకు జులైలో మధ్యాహ్నం 3 గంటల నమోదులు 30 ఉన్నాయనుకుందాం: పడమర 14, నైరుతి 9, వాయవ్యం 3, మిగతా దిక్కులు 2, గాలి లేనివి 2. కాగితం మధ్యలో చుక్క పెట్టి, ప్రతి దిక్కుకూ దాని సంఖ్యకు తగిన పొడవు గీత గీయండి. పడమరకు 14 సెంటీమీటర్లు, నైరుతికి 9. మధ్యలో చిన్న వృత్తం గీసి అందులో గాలి లేని రోజుల సంఖ్య. పెద్ద ఓడరేవుల్లో కంప్యూటర్‌తో గీసేదీ ఈ పటమే.

దిక్కులను మాత్రం ఎప్పుడూ సగటు తీయకండి. డిగ్రీల్లో రాసేవాళ్లకు ఇది ఉచ్చు: 350, 10 రెండూ దాదాపు ఉత్తరమే, కానీ సగటు 180 వస్తుంది, అంటే దక్షిణం. దిక్కును లెక్కపెట్టాలి, కూడకూడదు.

ఉదయానికీ మధ్యాహ్నానికీ వేర్వేరు పటాలు గీయండి. నీళ్లు ఎక్కువ ఉన్న రోజులు, తక్కువ ఉన్న రోజులు మళ్లీ వేరు. అన్నీ కలిపి ఒకే పటం గీస్తే చూడటానికి బాగుంటుంది, ఎవరికీ పనికిరాదు. నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో వాతావరణ శాఖ కేంద్రాలున్నాయి. తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీకి మండలాల్లో ఆటోమేటిక్ కేంద్రాలున్నాయి. అదే గంటకు వాళ్ల అంకె పక్కన మీ అంకె రాస్తూ పోతే, "అక్కడ పడమర 15 అంటే మన జెట్టీ దగ్గర ఎంత" అన్నది దిక్కుదిక్కుకూ తేలుతుంది. ఫోన్‌లో కనిపించే అంచనా మీకు పనికొచ్చేది అప్పటి నుంచే.

సరంగు చేతికి ఇవ్వడం

ఇంత చేసి నోట్‌బుక్ బీరువాలో పెడితే లాభం లేదు. ఒకే ఒక్క కాగితం తయారుచేయండి, లామినేట్ చేయించండి. అందులో పై సగం జెట్టీ పటం: ఏ దిక్కు గాలి పడవను జెట్టీకి ఒత్తుతుంది, ఏది దూరం నెడుతుంది, ఏ గాలికి ఏ పక్కన కడితే జనం సులువుగా ఎక్కుతారు. జెట్టీకి వచ్చేటప్పుడు వీలైనంత వరకు ముక్కు గాలికి ఎదురుగా పెట్టి రావాలి. గాలి అప్పుడు బ్రేకులా పనిచేస్తుంది. వెనక గాలితో వస్తే వేగం చంపడం కష్టం. కింది సగంలో మీ రేవు హద్దులు: ఏ వేగం దాటితే పుట్టీలు, ఏది దాటితే మర పడవలు, ఏది దాటితే లాంచీలు ఆపాలి. ఈ అంకెలు మీరు ఒక్కరే కూర్చుని రాయకండి. సరంగులు, చేపలవాళ్లు, రేవు ఇన్‌చార్జి కూర్చుని, విసురు గడి చూసి, సగటు చూసి కాదు, తేల్చాలి. ప్రభుత్వం పెట్టిన నిబంధన ఇంతకన్నా కఠినంగా ఉంటే అదే చెల్లుతుంది. పుట్టి విషయంలో నన్ను అడిగితే, నీటి మధ్యలో తెల్ల నురుగు కనిపించడం మొదలైతే కొత్తగా ఎవరూ దిగకూడదు, అంకె కోసం ఆగనక్కరలేదు.

ఒక ప్రతి టికెట్ కౌంటర్ దగ్గర, జనానికి కనిపించేలా అంటించండి. లాంచీ ఎందుకు ఆపారని గొడవ పడేవాళ్లకు సరంగు జవాబు చెప్పుకోనక్కరలేకుండా పోతుంది. కాగితం మీద ఏ నీటిమట్టాల మధ్య ఆ హద్దులు వర్తిస్తాయో పెద్ద అక్షరాలతో రాయండి. మట్టం ఆ గీత దాటిన రోజు దాన్ని తీసేసి రెండో కాగితం పెట్టాలి. ఆ మార్చే పని ఎవరిదో ఒక పేరు రాసి ఉంచండి.